గేదెకు చెవి పోగు, కుక్కకు పాలసీ: తండ్రీ కూతుళ్ల వాదోపవాదం

(కూకట్‌పల్లిలో ఓ అద్దె ఫ్లాట్. కూతురి దగ్గర రెండున్నరేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు రాజా. దానికి బీమా తీసుకుంటానని ఆమె. వద్దని నాన్న. ఆయనకు ప్రకాశం జిల్లాలో నాలుగు గేదెల పాడి.)

నాన్న: ఏడాదికి 6,500 అడుగుతున్నారా? నా గేదెల ప్రీమియంలో 85 శాతం ప్రభుత్వమే పెడుతుంది, నేను కట్టేది 15 శాతం. నీ కుక్కకి ఎవరు పెడతారమ్మా? నెలకి 500 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో వేసుకో. ఐదేళ్లకి వడ్డీతో 35 వేలు దాటుతుంది. రాజాకి ఏమీ కాకపోతే ఆ డబ్బు నీదే.

కూతురు: ఏమీ కాకపోతే సరే నాన్నా. మూడో నెలలోనే బైక్ గుద్ది కాలు విరిగితే? ఆర్‌డీలో 1,500 ఉంటుంది. మూడేళ్ల దాకా దాన్ని మూయనివ్వరు కూడా. ఎక్స్‌రేలు, ఆపరేషన్, కాల్లో వేసే ప్లేటు, డ్రెస్సింగులు... వీటికి డబ్బు ఆ పూటే కావాలి.

నాన్న: బీమావాళ్లు ఇచ్చేస్తారని నీకెవరు చెప్పారు? మన పెద్ద గేదె చచ్చిపోయినప్పుడు ఏమైందో మర్చిపోయావా? పశువుల డాక్టరు పోస్టుమార్టం చేసి కాగితం ఇచ్చాడు. ఊరంతా చూసింది. బీమా చేసినప్పుడు గుర్తుకి వేసిన చెవి పోగు మాత్రం లేదు, కంచెకి తగులుకుని ఎప్పుడో ఊడిపోయింది. పోగు లేదు కాబట్టి క్లెయిమ్ లేదన్నారు. ఒక్క రూపాయి రాలేదు. మీ అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కూతురు: మర్చిపోలేదు. అందుకే షరతులన్నీ కూర్చుని చదివాను. గేదె చచ్చిపోతే వచ్చే డబ్బుతో నువ్వు ఇంకో గేదెని కొంటావు, పాడి ఆగదు. అది న్యాయమే. రాజా పోతే 30 వేలు ఇస్తామని ఒక ప్లాన్‌వాళ్లు గొప్పగా చెప్పారు. ఆ డబ్బు నేనేం చేసుకోను? ఇంకో కుక్కని తెచ్చి రాజా అని పిలవనా? నాకు దీన్ని బతికించుకోవడానికి అక్కరకొచ్చే డబ్బు కావాలి. అందుకే ఆ ప్లాన్ వదిలేశాను. ఆపరేషన్‌కీ, ఆస్పత్రిలో చేర్చకుండా చేసే వైద్యానికీ కలిపి 50 వేల దాకా ఇచ్చేది చూశాను. బిల్లులో 20 శాతం మనమే పెట్టుకోవాలి.

నాన్న: నిరుడు దీనికి పిడుదుల జ్వరం వచ్చి నెల రోజులు మందులు మింగింది కదా. మళ్లీ వస్తే పాత జబ్బు అంటారు చూడు.

కూతురు: అంటారు. దానికి డబ్బు రాదనుకునే కడుతున్నాను. దరఖాస్తులో దాచకుండా రాస్తాను, దాస్తే రేపు కాలు విరిగినా క్లెయిమ్‌కి ఎసరు. లాబ్రడార్లలో తుంటి కీలు వదులయ్యే జబ్బు ఎక్కువ. అది బయటపడ్డాక వెళ్తే అదీ పాత జబ్బే అవుతుంది. జాతితో వచ్చే జబ్బుల్ని కొన్ని ప్లాన్లు అసలే తీసుకోవు, ఇందులో ఉందో లేదో రాసి ఇమ్మని అడిగాను. జవాబు వచ్చాకే కడతాను. వయసు మీరితే కొత్తగా చేర్చుకోరు నాన్నా, ఇది బాగున్నప్పుడే చేరాలి.

నాన్న: లిఫ్టులో ఎవరి పిల్లాడినైనా కరిస్తే?

కూతురు: వాళ్లకి కట్టాల్సిన పరిహారానికీ ఇందులో కవర్ ఉంది. రేబిస్ టీకా తేదీ దాటకుండా చూసుకోవాలి. పార్వో, డిస్టెంపర్ టీకాలు కూడా అంతే, వేయించకుండా ఆ జబ్బొస్తే ఇవ్వరు.

నాన్న: ఆ పరిహారం సంగతి బాగుంది. అయినా నా పోగు మాట ఉంది కదా. ఇది మన రాజాయేనని రేపు ఎలా రుజువు చేస్తావు? లాబ్రడార్లన్నీ నా కంటికి ఒకేలా ఉంటాయి.

కూతురు: మైక్రోచిప్ వేయిస్తాను. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. స్కానర్ పెడితే 15 అంకెల నంబరు కనిపిస్తుంది. కంచెకి తగులుకుని ఊడిపోయేది కాదు.

నాన్న: అయితే ముందు అది వేయించు. ఆ నంబరు పాలసీ కాగితం మీద ఎక్కిందో లేదో నేను చూడాలి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు కట్టొద్దు. ఆర్‌డీ కూడా మొదలుపెట్టు, ఆ 20 శాతం ఎక్కణ్ణుంచి తెస్తావు?