కొత్త సర్వే సంగతి తర్వాత, ముందు పాత అంకెల్ని విప్పి చూడండి

ప్రపంచంలోని పేదల్లో 70 శాతం మంది ఆడవాళ్లేనట. భూమ్మీద ఉన్న మొత్తం భూమిలో వాళ్ల పేరున ఉన్నది ఒక్క శాతమేనట. జెండర్, అంతర్జాతీయ అభివృద్ధి అనే సబ్జెక్టులో పీజీ, పీహెచ్‌డీ థీసిస్‌లు నాలుగైదు తిరగేయండి, మొదటి అధ్యాయంలోనే ఈ రెండింట్లో ఒకటి తగులుతుంది. కింద ఏదో నివేదిక పేరు ఉంటుంది, ఆ నివేదిక తీస్తే అది ఇంకో నివేదికని చూపిస్తుంది, అలా వెనక్కి పోతూ ఉంటే చివరికి అసలు లెక్క కట్టిన మనిషి మాత్రం దొరకడు. 1995 నాటి యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం) మానవాభివృద్ధి నివేదిక కూడా ఆ 70 శాతం మాట రాసేసింది.

అసలు ఆ అంకె ఎలా వస్తుంది? పేదరికాన్ని కొలిచేది ఇంటి లెక్కన. ఇంట్లో ఖర్చెంత, మనుషులెందరు, తలకి ఎంత పడింది, మామూలు సర్వేకి తెలిసేది ఇంతే. ఎవరి కంచంలో ఎంత పడిందో దానికి తెలీదు. ఇల్లు పేదదైతే భార్యాభర్తలిద్దరూ పేదల లెక్కలోకి వస్తారు, కాకపోతే ఇద్దరూ రారు. ఈ పద్ధతిలో 70–30 తేలాలంటే మగవాళ్లే లేని పేద ఇళ్లు ఎన్ని కోట్లు ఉండాలో ఊహించుకోండి. ఆడవాళ్లు ఎక్కువ పేదరికంలో ఉన్నారేమో, ఉండొచ్చు కూడా. కానీ ఆ సంగతి ఈ కొలబద్దతో తేలదు. భూమి సంగతీ అంతే. పట్టా ఆడమనిషి పేరున ఉందో మగమనిషి పేరున ఉందో విడిగా రాసుకోని దేశాలు బోలెడు, ఉమ్మడి ఆస్తిని ఎవరి ఖాతాలో వేయాలో తెలియని దేశాలు ఇంకొన్ని. షెరిల్ డాస్ లాంటి ఆర్థికవేత్తలు ఇది ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు, థీసిస్‌లు ఆ అంకెల్ని కాపీ కొడుతూనే ఉన్నాయి. ప్రపంచపు ఆహారంలో 60 నుంచి 80 శాతం ఆడవాళ్లే పండిస్తారన్న మాటా ఇదే కోవలోది. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ కాస్త జాగ్రత్తగా లెక్కేస్తే, అభివృద్ధి చెందుతున్న దేశాల వ్యవసాయ శ్రామికుల్లో ఆడవాళ్లు సగటున 43 శాతం దగ్గర తేలారు. 43 ఏమైనా చిన్న అంకెనా? దానికి మసాలా దట్టించాల్సిన పనేముంది?

నా గొడవ ఏంటంటే, ఈ సబ్జెక్టులోకి వచ్చే తెలివైన విద్యార్థులు ఈ అంకెల్ని ప్రశ్నించకుండా పరిచయంలో అతికించేసి, ఆ వెంటనే ఫీల్డ్‌వర్క్‌కి బయల్దేరతారు. రెండు మూడు నెలలు, భాష రాని ఊళ్లో, దుబాసీని పక్కన పెట్టుకుని. అప్పు తీసుకున్న ఒకావిడ ఐదు నిమిషాలు ఏకబిగిన మాట్లాడుతుంది, మధ్యలో నవ్వుతుంది, ఒకసారి గొంతు తగ్గించి గుమ్మం వైపు చూస్తుంది. దుబాసీ చెప్పేది ఒక్క ముక్క: ‘లోన్ వల్ల బాగానే ఉందంటోంది.’ నోట్‌బుక్‌లోకి ఎక్కేది ఆ ముక్కే. థీసిస్‌లో అది ‘స్త్రీల గొంతుక’ అయిపోతుంది. ఇంతా చేసి ఆ దుబాసీ పేరు కృతజ్ఞతల పేజీ దాటి లోపలికి రాదు, సగం పరిశోధన ఆ మనిషే చేసినా సరే.

తప్పంతా విద్యార్థులదే అని అనను. గైడ్‌కి ‘సొంత డేటా’ కావాలి, నిధులిచ్చే సంస్థకి ఫొటోతో సహా ఒక ఊరు కావాలి, ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ఎక్కడ ఫీల్డ్‌వర్క్ చేశారు’ అన్నదే మొదటి ప్రశ్న. ఎవరో సేకరించిన డేటాని, ఎవరో అడిగిన ప్రశ్నని కూర్చుని విప్పి చూస్తానంటే కుర్చీ పరిశోధన అని చప్పరించేస్తారు.

కానీ ఈ రంగంలో నిలబడిన పని చాలావరకు అలా విప్పి చూసినదే. 1970లో ఎస్టర్ బోజెరప్ అనే ఆర్థికవేత్త అందరి దగ్గరా ఉన్న వ్యవసాయ సమాచారాన్నే తీసుకుని, అందులో ఆడవాళ్ల పని ఎక్కడ జారిపోయిందో చూపించింది. ఈ సబ్జెక్టుకి పునాది అక్కడే పడింది. నాకు ఇంకా ఎక్కువ నచ్చే ఉదాహరణ బంగ్లాదేశ్ సూక్ష్మరుణాలది, అంటే పేదలకిచ్చే చిన్న చిన్న అప్పులది. 1996లో ‘వరల్డ్ డెవలప్‌మెంట్’ అనే ఒకే పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఆడవాళ్ల పేరున ఇచ్చిన అప్పుల్లో చాలా వాటి మీద పెత్తనం ఇంట్లో మగవాళ్లదే అని ఆన్ మేరీ గోట్జ్, రీనా సేన్ గుప్తా తేల్చారు. అప్పు వల్ల ఆడవాళ్లు నలుగురిలోకి రావడం, సొంతంగా కొనుక్కోవడం, ఇంటి నిర్ణయాల్లో తలదూర్చడం పెరిగాయని హషేమి, షూలర్, రైలీ రాశారు. దేశం ఒకటే, అప్పులు అలాంటివే, జవాబులు మాత్రం ఎదురెదురు. ఎవరు చెప్పింది నిజం?

2001లో నైలా కబీర్ అనే ఆర్థికవేత్త ఈ తగువులోకి దిగింది. అప్పు తీసుకున్నవాళ్లతో ఆమె కూడా మాట్లాడింది, కానీ ఆ వ్యాసం బలం అంతా ముందువాళ్లు దేన్ని సాధికారత అనుకున్నారో బయటికి లాగడంలో ఉంది. ఒకరు డబ్బుని ఎవరు వాడారని చూశారు, ఇంకొకరు అప్పు తర్వాత ఆమె బతుకులో ఏం మారిందని చూశారు. అప్పు మొత్తం భర్త చేతిలో పెట్టినా, అది తన ద్వారా వచ్చింది కాబట్టి ఇంట్లో తన మాటకి విలువ పెరిగిందని ఒకావిడ అంటే, దాన్ని ఏ గడిలో వేస్తారు? 2015లో ఆరు దేశాల నుంచి వచ్చిన ఆరు రాండమైజ్డ్ అధ్యయనాలు (లాటరీ వేసినట్టు కొందరికి అందించి, మిగతావాళ్లతో పోల్చి చూసేవి) సూక్ష్మరుణం బతుకుల్ని తలకిందులుగా ఏమీ మార్చెయ్యదని చెప్పాయి, మంచిదే. కబీర్ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఇప్పుడు సర్వే ఫారం దగ్గరికే వెళ్దాం. ఈ సబ్జెక్టులో సగం థీసిస్‌లకి ముడిసరుకు డీహెచ్‌ఎస్, అంటే 1984లో మొదలై 90కి పైగా దేశాల్లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేలు. అందులో పెళ్లయిన ఆడవాళ్లని అడిగే ఒక ప్రశ్న: మీ ఆరోగ్యం విషయంలో నిర్ణయం సాధారణంగా ఎవరు తీసుకుంటారు? జవాబులు: నేను, నా భర్త, ఇద్దరం కలిసి, ఇంకెవరైనా. ‘నేను’, ‘ఇద్దరం కలిసి’ అన్నవాళ్లని కలిపేసి, సాధికారత ఉన్నట్టు ఒకటి వేస్తారు, మిగతావాళ్లకి సున్నా. భర్త పొట్టచేత పట్టుకుని వేరే దేశం పోతే అన్నీ నెత్తిన వేసుకుని చచ్చేదానికీ ఒకటే. భర్త చెప్పేసి, ‘ఏమంటావ్’ అని అడిగితే తలూపినదానికీ ఒకటే. భార్యనీ భర్తనీ విడివిడిగా అడిగితే జవాబులు కలవకపోవడం చాలా చోట్ల బయటపడింది, అయినా ఎక్కువ థీసిస్‌లు ఆమె జవాబునే తీసుకుని రిగ్రెషన్‌లో (దేనితో పాటు ఏది మారుతుందో చూసే గణాంక లెక్కలో) పెట్టి, చదువు పెరిగితే సాధికారత పెరుగుతుందని తేల్చేసి డిగ్రీ పట్టుకుపోతాయి.

2025 ఫిబ్రవరిలో అమెరికా డబ్బు ఆగిపోయి డీహెచ్‌ఎస్ పని నిలిచిపోయింది, జులైలో ఆ డబ్బిచ్చే అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ దుకాణమే కట్టేశారు. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో కొన్ని సర్వేలు గట్టెక్కాయి గానీ, మునుపటిలా డేటా ఊరికే వచ్చి పడే రోజులు ఉంటాయన్న భరోసా లేదు. కొత్తది రాకపోతే టెన్షన్ పడేవాళ్లు నలభై ఏళ్లది పోగుపడి ఉందని మర్చిపోతున్నారు.

భాష వచ్చినవాళ్లు, ఏడాది పాటు అక్కడే ఉండగలిగినవాళ్లు ఫీల్డ్‌కి వెళ్లాల్సిందే, దానికి ప్రత్యామ్నాయం లేదు. మిగతావాళ్లకి నేనైతే ఆ ఫారంలోని చివరి గడి చూపిస్తాను. ‘ఇంకెవరైనా’ అన్న గడి. అందులో ఉన్నది ఎవరు? ఉమ్మడి కుటుంబాల్లో చాలాసార్లు అత్తగారే. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి తరఫున నిర్ణయం తీసుకోవడమూ, భర్త తీసుకోవడమూ లెక్కలో ఒకే సున్నా అయిపోతున్నాయి. ఆ అత్తగారికి నలభై తొమ్మిది దాటితే, 15–49 ఏళ్లవాళ్లనే అడిగే ఆ సర్వే ఆమెని అసలు పలకరించదు కూడా. ఏయే దేశాల్లో ఈ గడి పెద్దది, కాపురం వేరుపడితే అది ‘నేను’ వైపు జరుగుతుందా, ‘నా భర్త’ వైపు జరుగుతుందా అన్నది తేల్చడానికి విమానం టికెట్ అక్కర్లేదు, ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు.