రెంటికీ చెడ్డ రేవడికి ఒక ఉత్తరం

డియర్ యూట్,

ముందు కారు, వెనక సామాన్ల తొట్టి, ఇదీ నీ ఒళ్ళు. ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉంటావు, వెనక్కొచ్చి చూస్తే ఎరువు బస్తాలు. నిన్ను కారనాలో ట్రక్కనాలో తొంభై ఏళ్ళుగా ఎవడికీ తేలలేదు, నీకైనా తేలిందా?

అసలు నువ్వు పుట్టిందే ఒక ఉత్తరం వల్ల కదా. 1932లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఒక రైతు భార్య ఫోర్డ్ వాళ్ళకి రాసిందట, ఆదివారం చర్చికి వెళ్ళాలి, సోమవారం అదే బండిలో పందుల్ని సంతకి తీసుకెళ్ళాలి, అలాంటిదొకటి చెయ్యండయ్యా అని. గీలాంగ్ ఫ్యాక్టరీలో లూ బాంట్ అనే కుర్ర డిజైనర్ కూర్చుని, మామూలు పికప్‌లో కేబిన్ వేరు తొట్టి వేరుగా ఉంటే, నీకు మాత్రం పక్క రేకుల్ని కేబిన్ నుంచి చివరిదాకా ఒకే ఒంట్లో కలిపేశాడు, 1934లో రోడ్డెక్కావు. అక్కడిదాకా నీ మీద నాకేం కంప్లైంట్ లేదు, పని కోసం పుట్టావు, పని చేశావు.

అమెరికా వెళ్ళాకే నీకు షోకులు మొదలయ్యాయి. 1957లో ఫోర్డ్ వాళ్ళే స్టేషన్ వ్యాగన్‌ని (వెనక కూడా టాప్ ఉండే పొడుగు కారుని) తెచ్చి, వెనక టాప్ లేపేసి, రాంచెరో అన్నారు. 1959లో షెవ్రొలే వాళ్ళు ఎల్ కమీనో తెచ్చారు, ఇటుకలు మోసే బండికి వెనక గబ్బిలం రెక్కల్లాంటి రేకులేంటి తల్లీ? స్పానిష్‌లో దారి అని పేరు పెట్టుకుని రెండేళ్ళకే కనపడకుండా పోయి, మళ్ళీ 1964లో కాస్త చిన్న ఒంటితో తిరిగొచ్చావు. 1970కల్లా 450 హార్స్‌పవర్ ఇంజిన్ కూడా దొరికేది, వెనకేమో బరువే లేదు, గట్టిగా తొక్కితే టైర్లు అక్కడే తిరిగి పొగ లేవడం తప్ప ఏం మోస్తావని?

ఇక జపాన్ నుంచి వచ్చిన నీ చిన్న తమ్ముడు సుబారు బ్రాట్ కథ చెప్తే మా ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. యూరప్‌లో అమెరికా కోళ్ళ మీద పన్నేశారని అమెరికా అలిగి 1964 నుంచి బయట తయారైన చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్నేసింది. కోడి చేసిన పాపం నీకు చుట్టుకుంది. సుబారు వాళ్ళేమో తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి ఇది ట్రక్కు కాదు సార్, ప్యాసింజర్ బండి అన్నారు! అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన రీగన్ కూడా ఒకటి కొనుక్కున్నాడు, ఇక ఎవడడుగుతాడు.

రాంచెరో 1979లో పోయింది, ఎల్ కమీనో 1987లో. పుట్టింట్లో కూడా ఫోర్డ్ వాళ్ళ ఫాల్కన్ యూట్ 2016లో, హోల్డెన్ కంపెనీది 2017లో ఆపేశారు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో మా పక్కింటాయనది నాలుగు తలుపుల ట్రక్కు, ఎక్కాలంటే మెట్టు కావాలి, తొట్టికి మూత, ఆ మూత తెరవగా నేనింతవరకు చూళ్ళేదు. మొన్న ఫ్రిజ్ కొని, గీతలు పడతాయని డెలివరీకి డబ్బులు కట్టాడు. తెచ్చిందెవరనుకున్నావ్, పాత ఫాల్కన్ యూట్‌లో ఒక ముసలాయన, వెనక ఫ్రిజ్, రెండు తాళ్ళు, పక్క సీట్లో కుక్క.

ఇట్లు,
నిన్ను ఇన్నాళ్ళూ వెక్కిరించినవాడు