మార్పు చేపని కాపాడేది ప్రెస్‌నోట్లా?

మళ్లీ అదే తంతు. ఊరి బయట గుంతలు, చికెన్ వేస్టు మేసి బలిసిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, జేసీబీతో గొయ్యి తీసి పూడ్చడం, ఆఫీసర్లు నిలబడి ఫొటో దిగడం. నెల తిరక్కుండా పక్క పొలంలో ఇంకో గుంత. 2000లోనే కేంద్రం నిషేధించిన చేప ఇది, 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) కూడా కన్నెర్ర చేసింది, అయినా మార్కెట్లో టబ్బుల్లో బతికున్నది బతికున్నట్టే దొరుకుతోంది.

అసలు ఈ దాడులన్నీ కంపు భరించలేక జనం రోడ్డెక్కితేనే. మన మార్పు గురించి, అదే దేశీ మాగుర్ అనే మన నాటు క్యాట్‌ఫిష్, ఒక్కరూ నోరెత్తరు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల్లో పెట్టింది. వానాకాలం వరిమళ్లలోకి ఎక్కి గుడ్లు పెట్టే చేప, బురదలో చేత్తో తడిమి పడుతుంటే రెక్క ముల్లు కసుక్కున దిగేది, పాతవాళ్లనడిగితే చెప్తారు. పురుగుమందులు, పూడ్చేసిన కుంటలు దాన్ని సగం చంపాయి, నిజమే, తప్పంతా ఆఫ్రికన్ చేపదే అనం. కానీ వరదకి గట్టు తెగి ఆ తిండిపోతు కాలవల్లో పడితే మిగిలిన మార్పు పిల్లల్ని కూడా మింగేస్తుంది. థాయ్‌లాండ్‌లో దీంతో కలిపి పుట్టించిన హైబ్రిడ్లు తప్పించుకుని అక్కడి నాటు క్యాట్‌ఫిష్ జాతినే కల్తీ చేశాయి. పైగా మన దగ్గర దీన్నే మార్పు అని అంటగడుతున్నారు, నాలుగు కేజీలు తూగేది మార్పు ఎలా అవుద్దండీ?

పేదోడికి చవక చేప, రైతుకి నాలుగు డబ్బులు అంటారు. సరే, నిషేధం తప్పైతే ఎత్తేయమని బహిరంగంగా అడగండి.

మా భయం వేరే ఉంది. రూప్‌చంద్ కూడా దొడ్డిదారినే వచ్చింది, ఇప్పుడది లేని చేపల మార్కెట్ ఉందా? ముందు దొంగతనంగా తేవడం, తర్వాత ఊరంతా పెంచడం, చివరికి ఇంతమంది బతుకుతున్నారు కదా అని ఓకే చేసేయడం, అక్రమ లేఔట్లకి ఎల్ఆర్ఎస్ లాగా. క్యాట్‌ఫిష్‌కీ అదే దారి వేస్తే రేపు ఇంకో చేప తెచ్చేవాడు భయపడతాడా? ఇవాళ వదిలేస్తే రేపటికి అదే రూలు.

ఫిషరీస్ సార్లూ, గుంత తవ్వినోడిని సరే, వాడికి పిల్ల అమ్మిన హ్యాచరీ ఎవరిది? లారీ ఏ చెక్‌పోస్టు దాటొచ్చింది? పూడ్చిన చేపల ఫొటోలు మాకు పంపకండి, ఆ పేర్లు పంపండి, వేస్తాం.