భూగర్భం తెలిసినవాడికి కాలేజీల శాఖా?

2015లో 44 ఏళ్ల కన్సర్వేటివ్ పాలనకు తెరదించి కెనడాలోని అల్బర్టాలో గద్దెనెక్కిన న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్డీపీ)కి తమ బెంచీల్లోనే ఒక భూగర్భజలాల నిపుణుడు దొరికాడు. ఎడ్మంటన్-గోల్డ్ బార్ నుంచి గెలిచిన మార్లిన్ ష్మిట్. చమురు, బొగ్గు తవ్వుకుని బతికే ప్రావిన్సు అది. 2016లో ఆయన్ను మంత్రిని చేసి చేతిలో పెట్టింది ఉన్నత విద్య! ఇంతకు మించిన దుబారా ఉంటుందా?

నిపుణులు శాఖలో ఉంటారు, మంత్రికి రాజకీయ విజ్ఞత చాలంటారు. పైగా ష్మిట్ నోరు అదుపులో ఉండే రకం కాదు. బ్రిటన్ మాజీ ప్రధాని థాచర్ మరణంపై వ్యాఖ్యకు 2020లో క్షమాపణ చెప్పుకున్నారు. సరే. కానీ శాఖలోని నిపుణుడు అడిగినదానికే జవాబిస్తాడు. అడగాల్సిన ప్రశ్నే మంత్రికి తట్టకపోతే?

బొగ్గు సంగతే చూడండి. రాకీ పర్వతాల వాలుల్లో తవ్వకాన్ని కట్టడి చేసే 1976 నాటి బొగ్గు విధానాన్ని, ఎన్డీపీ తర్వాత వచ్చిన యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ (యూసీపీ) ప్రభుత్వం 2020లో ఎత్తేసింది, జనం తిరగబడ్డాక 2021 ఫిబ్రవరిలో మళ్లీ తెచ్చింది. అసలు ముప్పు బొగ్గులో లేదు, దానికోసం తవ్విపోసే రాతిలో ఉంది. సింగరేణిలో ఓబీ గుట్టలంటారే, అవే. గాలీ వానా తగిలి అందులోని పైరైట్ అనే ఇనుము-గంధకపు ఖనిజం ఆక్సీకరణ చెందితే, మోతాదు మించితే విషమయ్యే సెలీనియం కరిగి ఏట్లోకి దిగుతుంది. నీళ్లు తేటగానే ఉంటాయి. జలచరాల కోసం పక్కనున్న బ్రిటిష్ కొలంబియా పెట్టుకున్న పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములే. సెలీనియం నాచులో, పురుగుల్లో పేరుకుని చేప గుడ్లకు చేరితే పిల్లలు వంకర వెన్నుతో పుడతాయి. గని మూసినా గుట్ట దశాబ్దాల పాటు ఊరుతూనే ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలోని ఎల్క్ లోయ కాలుష్యానికి టెక్ అనే బొగ్గు గనుల కంపెనీపై 2021లో 6 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

కొలతలోనూ మోసముంటుంది. భూగర్భజలాల నమూనా తీసే పరిశీలన బోరులో, నీరు లోపలికి వచ్చే జల్లెడ గొట్టం చుట్టూ ఇసుక పోసి, పైన నీటికి ఉబ్బే బెంటొనైట్ మట్టితో సీలు వేయాలి. సీలు సరిగ్గా కూర్చోకపోతే పైనీరు గొట్టం వెంట దిగి లోపలి నీటిని పలచన చేస్తుంది, నివేదికలో అంకెలు ముచ్చటగా వస్తాయి. సాధారణంగా బోరులో ఉన్న నీటికి మూడింతలు తోడిపోశాకే నమూనా పట్టాలి; తోడకుండా పట్టింది నిల్వనీరే. 'ఎంత తోడారు? సీలు ఎవరు చూశారు?' అని సభలో నిలదీయడానికి ఆ పని తెలిసినవాడు కావాలి.

మన తుమ్మలపల్లెలో యురేనియం వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకకుండా వేసే లైనింగ్ మీద నడిచిన రగడా ఇలాంటిదే. ఖనిజాలున్న ప్రతి చట్టసభలోనూ బోర్ లాగ్ (బోరులో ఏ లోతున ఏ పొర తగిలిందో రాసిన పట్టిక) చదవగల సభ్యులతో కమిటీ ఉండాలి. లీజు ఇవ్వకముందే అన్ని రుతువుల్లోనూ నీటి నమూనాలు తీయించి, ముడి అంకెలు ఆ కమిటీ ముందు పెట్టాలి. తవ్వకం మొదలయ్యాక తీసిన నమూనాలే ఉంటే కంపెనీ మీద రుజువు చేయడం కష్టం.