రాయబారి గారికి షోకాజ్ నోటీసు

శ్రీయుత అంబాసిడర్ గారికి,

నమస్కరించి వ్రాయునదేమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని పోర్టికో గచ్చు మీద నూనె మరక చూస్తేనే తెలుస్తోంది.

తమరి పేరుకు రాయబారి అని అర్థం. ఏ దేశం తరఫున వచ్చారో మాత్రం ఇప్పటికీ తేలలేదు. పుట్టిల్లు ఇంగ్లండు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ త్రీ కారు వారి వంశం. పెరిగింది హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో. ఉద్యోగం చేయని ఊరు లేదు: కలెక్టరు గారికీ తమరే, పెళ్ళికొడుక్కీ తమరే, పన్నెండు మందిని కుక్కి సంతకు తోలిన టాక్సీ కూడా తమరే. 2014 మే నెలలో ఫ్యాక్టరీ ఆగింది. 2017లో ఫ్రాన్సు వాళ్ళ పెజో కంపెనీ తమరి పేరును మాత్రం 80 కోట్లకు కొనుక్కుంది. బతికినా చచ్చినా ఏనుగు వెయ్యే అంటారు. తమరి లెక్క వేరు: పేరుకు ఎనభై కోట్లు, ఆ పేరు మోస్తున్న ఒంటికి పాత ఇనుము రేటు.

ఆ ఒంటిని మోస్తున్నది మేము. 1489 సీసీ పెట్రోలు ఇంజను, హ్యాండ్ గేరు, ఎస్‌యూ కార్బురేటరు ఉన్న పాత బళ్ళను ఇంకా వదల్లేక ఆదివారాలు ధారపోస్తున్నవాళ్ళం. తమరి మీద వచ్చిన ఫిర్యాదులకు సంజాయిషీ అడుగుదామని కూర్చున్నాం.

ముందు ఆ నూనె సంగతి. ఇంజనులో తిరిగే ఇరుసు, అదే క్రాంకు షాఫ్టు, వెనక నుంచి బయటికొచ్చే చోట తమరికి రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీదే మరచుట్టు లాంటి గాడి చెక్కి, తిరిగేటప్పుడు అదే నూనెను అడుగునున్న సంపులోకి తోసేస్తుందిలే అనుకున్నారు దొరలు. తిరిగినంతసేపూ తోస్తుంది నిజమే. ఇంజను ఆపాక? గాడి కూడా డ్యూటీ దిగిపోతుంది. ముక్కు ఎత్తుగా, తోక పల్లంగా నిలబెడితే మరీ ధారాళం. అరచేతంత మరక దాకా మేమూ పట్టించుకోం, కింద పాత ట్రే పెట్టి ఊరుకుంటాం. చిప్పెడు కారితే మాత్రం ముందు చూడాల్సింది సీలు కాదు (లేనిదాన్ని ఏం చూస్తాం), ఇంజను నెత్తి మీది మూత, అంటే రాకర్ కవరు నుంచి ఎయిర్ క్లీనరుకు వెళ్ళే బ్రీదర్ పైపు. అది మసితో పూడుకుపోతే లోపలి గాలికి దారి లేక, దొరికిన సందుల్లోంచల్లా నూనెను బయటికి నెడుతుంది. పైపు ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, ఊది పెడితే సగం కారడం అక్కడే ఆగుతుంది.

ఇది చూడకుండా, ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యనుండే బెల్ హౌసింగు అడుగున చిన్న రంధ్రంలోంచి కారుతోందని దానికి ఎంసీల్ కొట్టే మేధావులున్నారు. కారాల్సిన దారి మూశాక నూనె పైకి చేరి క్లచ్ ప్లేటు ఎక్కుతుంది. ఫస్టు గేరులో కదలగానే బండి మలేరియా జ్వరంలా వణుకుతుంది. ఇక గేరుబాక్సు దింపాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కానీ నాలుక ఊడగొట్టింది తమరు కాదు కదా. సరే, ఈ అభియోగం పక్కన పెడుతున్నాం.

రెండోది చప్పుడు. హారను తప్ప అన్నీ మోగుతాయన్న జోకు తమరి వయసంత పాతది. ఆ జోకు వేసినవాడు బానెట్ ఎత్తి ఎప్పుడూ చెవి పెట్టలేదన్నమాట. తమరి ట్యాపెట్లు టకటకమంటే అది కబురు. ఏ కబురూ లేకపోవడమే ప్రమాదం. వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు ఎక్కువైతే ట్యాపెట్ నోరు చేసుకుంటుంది, అంతే. సందు తక్కువైతే నోరు మూసుకుంటుంది. వాల్వు పూర్తిగా మూసుకోక, మంట అంచుల్లోంచి తప్పించుకుని, మాటా పలుకూ లేకుండా వాల్వును కాల్చేస్తుంది. ‘ఇప్పుడు బండి కుట్టుమిషన్‌లా ఉంది సార్’ అని షెడ్డులో ఎవరైనా మురిసిపోతే అనుమానించాలి.

సందు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.38 మిల్లీమీటర్లు, ఇంజను రాత్రంతా చల్లారాక. ప్లగ్గులు నాలుగూ విప్పేస్తే ఇంజను చేతికి తేలిగ్గా తిరుగుతుంది. టాప్ గేరులో పెట్టి బండిని మెల్లగా తోసినా సరే, స్టార్టింగు హ్యాండిల్ ఉంటే మహారాజు. ఎనిమిది వాల్వులు, రేడియేటరు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు. జత కలిపితే లెక్క తొమ్మిది: ఎనిమిదోది పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటోది చూడాలి, ఆరోది నొక్కుకుంటే మూడోది, నాలుగోది నొక్కుకుంటే అయిదోది, ఏడోది నొక్కుకుంటే రెండోది. తర్వాత అవే జతలు తిరగేసి. ఎక్కాలు వచ్చిన పిల్లాడికి కూడా తప్పు పోదు. అర అంగుళం పానాతో లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ డ్రైవరుతో సందు సరిచేసి, సందు కొలిచే ఫీలర్ గేజి రేకును లాగి చూస్తాం. జారిపోకూడదు, పట్టేయకూడదు. పుస్తకంలో దాచిన నెమలీకను బరువైన పేజీల మధ్య నుంచి తీసినట్టు రావాలి. అసలు చిక్కు ఆ తర్వాత. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాని వెంట వెంట్రుకవాసి తిరుగుతుంది, సందు మారిపోతుంది. అందుకే బిగించాక మళ్ళీ రేకు పెట్టాలి. ఆ రెండోసారి పెట్టనివాళ్ళే పొద్దున్నే చేసిన పని సాయంత్రం మళ్ళీ చేసేది. చివర్లో రాకర్ కవరు కింద కార్కు గాస్కెట్టుంటుంది, పైన రెండు నట్లు. గట్టిగా బిగిస్తే కారడం ఆగుతుందనుకుని కార్కును అప్పడంలా నలిపేస్తారు. అప్పుడు మొదలవుతుంది కారడం.

పానాల మాటొచ్చింది కాబట్టి: తమరు అంగుళాల మనిషి. నట్టు 12.7 మిల్లీమీటర్లుంటే షెడ్డులో కుర్రాడి చేతిలో 13 నంబరు పానా ఉంటుంది. ఆ 0.3 తేడా చాలు మూలలు అరిగి నట్టు గుండ్రం కావడానికి. ఏ పాత బండి బానెట్ ఎత్తినా నట్ల మూలలు చూస్తే, అది ఎంతమంది చేతుల్లో పడిందో చెప్పేయవచ్చు. అంగుళాల పానాల సెట్టు ఒకటి కొనుక్కోకుండా తమరిని పెట్టుకోవడం, రోలు లేకుండా పచ్చడి మొదలుపెట్టడమే.

ఇక తమరి అసలు పేచీ, ఎండాకాలం అలక. మే నెల, విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ సూర్యాపేట దగ్గర టీకి ఆపితే చాలు, మళ్ళీ లేవరు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. బండి నడుస్తున్నప్పుడు ఫ్యాను గాలి, పారే పెట్రోలు కలిసి పంపును చల్లగా ఉంచుతాయి. ఆపగానే రెండూ పోతాయి. ఇంజను వేడంతా పక్కనే ఉన్న పెట్రోలు పంపుకూ పైపుకూ ఎక్కి, లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. పంపు పెట్రోలును తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. తడిగుడ్డతో గొంతు కోశాడంటారు లోకంలో. తమరికి మాత్రం తడిగుడ్డతోనే ప్రాణం లేచొస్తుంది. తుండు తడిపి పంపు మీదా పైపు మీదా చుట్టి, బానెట్ ఎత్తి, ఆ టీ ఏదో నిదానంగా తాగితే పావుగంటలో దారికొస్తారు. గుడ్డ మీద నీళ్ళు చిలకరించవచ్చు. పొగ బయటికి పోయే గొట్టం, కాలుతున్న మానిఫోల్డు మీద చెంబుతో గుమ్మరిస్తే పోత ఇనుము పగులుతుంది. ఆ హడావుడిలో రేడియేటరు మూత తిప్పిన వాళ్ళ ముంజేతుల మచ్చలు చూశాం, అంతకంటే చెప్పం.

ఇక్కడే ఒక మోసం ఉంది. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కండెన్సరు గానీ కాయిలు గానీ పోబోతున్నా ఇవే లక్షణాలు: వేడెక్కితే ఆగడం, చల్లారితే నడవడం. తెలియక తుండ్లు తడుపుతూ వేసవంతా గడిపేసేవాళ్ళున్నారు. డాష్‌బోర్డులో ఒక పాత ప్లగ్గు ఉంచుకుంటే తేల్చుకోవచ్చు. ఆగిపోయిన ఆ నిమిషంలోనే వైరుకు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా చిటపటలాడితే తప్పు పెట్రోలుది. పసుపుపచ్చగా నీరసంగా వస్తే కరెంటుది. ఆ కరెంటును తెంపి రవ్వ పుట్టించే సీబీ పాయింట్లు ఈ మధ్య బజారులో దొరికేవాటి సంగతి కూడా చెప్పాలి. కామ్‌కు రాసుకునే వాటి ఫైబరు మడమ త్వరగా అరిగిపోతుంది. 15 థౌ పెట్టిన సందు మూసుకుపోతూ టైమింగు వెనక్కి జారుతుంది, బండి బరువెక్కినట్టుంటుంది, వేడీ ఎక్కుతుంది. కామ్ మీద ఆవగింజంత గ్రీజు రాస్తే మడమ ఆయుష్షు పెరుగుతుంది. ఎక్కువ రాస్తే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది.

వేడి అనగానే థర్మోస్టాటు (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వని కవాటం) తీసి పారేయడం మా వాళ్ళకు మరో అలవాటు. ‘మన ఎండలకు అదెందుకు సార్.’ ఎండ బయటుంది బాబూ, థర్మోస్టాటు లోపలిది. అది లేకపోతే ఇంజను పూర్తిగా వేడెక్కడానికి ఊరు దాటాలి. అప్పటిదాకా చోకు లాగి నడిపిన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగేసి సంపులోకి దిగుతుంది. నిజంగా వేడెక్కే బండికి రేడియేటరు కోర్ విప్పి రాడ్లు కొట్టించాలి, ఫ్యాను బెల్టు వేలితో నొక్కితే అర అంగుళం దిగేలా బిగించాలి. ఈ రెండూ ఖర్చు, శ్రమ. థర్మోస్టాటు తీయడం ఉచితం. అందుకే అదే తీస్తారు.

తమరి కార్బురేటరు మీద మాకు ఫిర్యాదు లేదు, అది వేరే జాతి. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుదీ తమరిదీ ఒకే ఇంజను కుటుంబం, ఆ దర్జా మిగిలింది ఈ ఒక్క చోటే. పైనున్న మూత విప్పి లోపల పలచటి 20 గ్రేడు నూనె పోయాలి. మూతకున్న కడ్డీని దించుతుంటే, మర అందడానికి ఇంకా ఆరు మిల్లీమీటర్లుందనగా చేతికి అడ్డు తగలాలి. తగలకపోతే నూనె లేదని అర్థం. అది లేని బండి యాక్సిలరేటరు తొక్కగానే ఒక గుటక మింగి, తర్వాత కదులుతుంది. ఆ గుటకకు కార్బురేటరే మార్చమన్న షెడ్డులున్నాయి. పోయాల్సింది రెండు చెంచాలు కూడా ఉండదు. మిక్చరు చూడాలంటే పక్కనున్న పిన్నుతో కార్బురేటరు లోపలి పిస్టనును మిల్లీమీటరు కంటే తక్కువ లేపాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. కుంటుపడి ఆగబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. కింది నట్టును ఒక్కో పలక తిప్పుతూ ఆ సర్దుకోవడం దగ్గరికి చేరినప్పుడు తమరి గొంతు మారుతుంది చూడండి, అక్కడే మేం పడిపోతాం. సైలెన్సరులోంచి ఒకే తూకంలో దుబ్బు దుబ్బుమని, డాష్‌బోర్డు మీది గ్లాసులో టీ చెదరకుండా. గేరు రాడ్ల బుష్షులరిగి ఫస్టుకూ రివర్సుకూ మధ్య ఇరుక్కుంటారు, నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి లీవర్లు చేత్తో లాగిస్తారు, అన్నీ ఆ నిమిషానికి మాఫీ.

పెట్రోలు విషయంలో మాత్రం తప్పంతా కాలానిదే. 2000లో సీసం కలిపిన పెట్రోలు దేశమంతా ఆగింది. తమరి పోత ఇనుప హెడ్డులో వాల్వు సీట్లకు ఆ సీసమే మెత్త. అది పోయాక సీట్లు అరిగి వాల్వు హెడ్డులోకి కుంగుతుంది. ట్యాపెట్ సందు చూసినప్పుడల్లా తగ్గుతూ వస్తుంటే ఇదే కారణం, హెడ్డు దింపి లేత్ షాపులో గట్టి సీటు రింగులు వేయించుకోవాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ వచ్చింది. అది పాత రబ్బరు పైపుల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న చెత్తను కదిలించి ఫిల్టరులోకి తోస్తుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు పైపులు, పంపుకు కొత్త డయాఫ్రం వేసి, మిక్చరు నట్టు ఒకటి రెండు పలకలు కిందికి తిప్పితే సర్దుకుంటారు. నెలల తరబడి కదపకుండా ఉంచితేనే కష్టం.

ఇక సర్కారు వారి ప్రేమ. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషను రెన్యువలుకు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్లో 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన వాళ్ళకు 2025 ఆగస్టు నుంచి 10,000. అయిదేళ్ళకోసారి ఆ ఫీజు, ఆ పైన గ్రీన్ ట్యాక్సు. యాభై ఏళ్ళు దాటితే, ఒంటి మీద పెద్ద మార్పులేవీ చేయకపోతే, 2021 నిబంధనల ప్రకారం వింటేజి హోదా వస్తుంది. హోదా వచ్చాక మామూలు అవసరాలకు రోడ్డెక్కకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటివాటికి మాత్రమే. శాలువా కప్పి ఇంట్లో కూర్చోబెట్టడం మన వాళ్ళకు బాగా తెలిసిన మర్యాద.

సంజాయిషీ అడగబోయి చూసుకుంటే, అభియోగాల కాగితంలో తమరి పేరు రాయాల్సిన చోట చాలావరకు మా పేర్లే వచ్చాయి. కాబట్టి నోటీసు ఉపసంహరించుకుంటున్నాం. నూనె సంగతి తప్ప. దానికి మీ దొరలే జవాబుదారీ.

ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ పోర్టికోలోకి రాకముందే వస్తాం. శనివారం రాత్రి నుంచే తమరిని ఎవరూ స్టార్టు చేయకుండా తాళాలు దాచిపెట్టాం. 15 థౌ రేకు తుడిచి ఉంచాం. రాకర్ కవరు గాస్కెట్టు కొత్తది విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చింది, అది కూడా అర మిల్లీమీటరు పొట్టిగానే ఉంది. లాగి సరిపెడతాం.

ఇట్లు,
తమరి కింద పడుకునే వాళ్ళు