వైరసు సంగతి సరే, గోత్రం చెప్పండి

కడుపునొప్పితో వైద్యుడి దగ్గరికి వెళితే ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా ఉంది, నిన్న రాత్రి ఏం తిన్నారు అని అడుగుతాడు. కంప్యూటరుకు జబ్బు చేసిందని ఆ విద్య తెలిసిన బంధువును పిలిస్తే అవేవీ అడగడు; గోత్రం అడుగుతాడు. ‘‘ఏ ఓఎస్?’’ అన్నదే అతని మొదటి ప్రశ్న; అంటే కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ విండోసా, మాకా, లినక్సా అని. మనం విండోస్ అన్నామంటే ‘‘అదీ సంగతి!’’ అని నిట్టూరుస్తాడు. ఆ రెండు మాటలతోనే రోగ నిర్ధారణ, చికిత్స, మన వంశానికి శాపం మూడూ పూర్తయిపోతాయి. తరువాత కాఫీ తెమ్మంటాడు.

ఈ గోత్రాభిమానాన్ని దగ్గర నుంచి దర్శించే భాగ్యం నాకు మొన్నటి మాఘమాసంలో పర్లాకిమిడిలో, మా పెద్దమ్మగారింట్లో, ఆమె మనవరాలి పెళ్లికి పసుపు దంచిన రోజున కలిగింది. మా ఊరిని 1936లో ఒడిశాలో కలిపినా, 1992లో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం చేసినా, మేము ఇంట్లో తెలుగులోనే పోట్లాడుకుంటాము, బజారులో ఒడియాలో బేరమాడతాము, కంప్యూటరు ముందు మాత్రం ఇంగ్లీషులో చేతులు కట్టుకుని నిలబడతాము. ఈ మూడో సంగతిని పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

రోగి మా పెద్దనాన్నగారి లాప్‌టాప్. అందులో ఉన్నది విండోస్ 7. దానికి 2020 జనవరి 14ననే మైక్రోసాఫ్ట్ తిలోదకాలిచ్చింది. అయినా మా ఇంట్లో అది దీర్ఘాయుష్మంతుడిగా వర్ధిల్లుతూనే ఉంది. బజారులో ఒక కుర్రవాడు మూడు వందల రూపాయలు పుచ్చుకుని ఎక్కించిన దొంగ కాపీ అది. అది పనిచేయాలంటే దొంగ కాపీని అసలుదని నమ్మించే ఒక ‘యాక్టివేటర్’ నడపాలట, ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపాలట. కాపలా కుక్కను కట్టేసి, దొంగను లోపలికి పిలిచి, వాడి చేతనే తాళం బాగు చేయించుకోవడమన్న మాట. ఇరవై ఏళ్లుగా మన ఊళ్లలో కంప్యూటర్లకు జరుగుతున్న నామకరణ మహోత్సవం ఇదే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోనక్కరలేదు.

జబ్బు కూడా పాతదే. శుభలేఖ మ్యాటరు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెద్దనాన్నగారు డీటీపీ షాపుకు వెళ్లారు. ఊరిలోని ఓటరు కార్డుల జిరాక్సులు, బాలసారె ఫ్లెక్సీలు, హాల్ టికెట్లు అన్నీ ఏ యంత్రంలో మునిగి తేలుతాయో ఆ యంత్రంలోనే మా పెన్‌డ్రైవ్ కూడా పుణ్యస్నానం చేసి ఇంటికి వచ్చింది. వచ్చాక చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు. వాటిని కనబడకుండా దాచి, అదే పేరుతో, అదే బొమ్మతో ఒక మాయ ఫోల్డరు కూర్చుంటుంది. దాన్ని నొక్కగానే లోపలున్న వైరసు లేచి లాప్‌టాప్‌లోకి నడిచిపోతుంది. పెద్దనాన్నగారు దాన్ని పదకొండుసార్లు నొక్కారు. తొమ్మిదోసారి కొంచెం గట్టిగా కూడా నొక్కారట.

అప్పుడు వరండాలో ముగ్గురు పండితులు కొలువు తీరారు. విండోస్ పక్షాన మా పెద్దబావ: ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, ఎక్సెల్‌లో ఆయన వేయని లెక్క లేదు. ఆపిల్ వారి మాక్ పక్షాన పెళ్లి ఫొటోలకు బరంపురం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు: వెండి రంగు లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టేటప్పుడు పసిబిడ్డను పడుకోబెట్టినట్లు పెడతాడు. లినక్స్ పక్షాన మా చిన్నాన్న కొడుకు: బెంగుళూరు ఉద్యోగి, పలాసలో రైలు దిగి బస్సులో వచ్చిన అలసట కూడా తీరకుండానే అంగవస్త్రం సర్దుకుని ప్రవర మొదలుపెట్టాడు. దాని సారాంశం నాకు ఇలా వినబడింది: ‘‘టోర్వాల్డ్స్, స్టాల్‌మన్, మర్డాక్ త్రయార్షేయ ప్రవరాన్విత కెర్నెల్ గోత్రః, డెబియన్ సూత్రః, ఉబుంటు శాఖాధ్యాయీ, అహంభో అభివాదయే.’’ (ఋషులు ముగ్గురూ లినక్స్ వంశకర్తలు, కెర్నెల్ దాని గుండెకాయ, డెబియన్, ఉబుంటు దాని శాఖలు.)

‘‘1991లో పుట్టింది మొదలు మా ఇంటావంటా వైరసు లేదు. ప్రపంచంలో సర్వర్లన్నీ మావే. ఆమాటకొస్తే ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ మావే. వాటి లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే’’ అన్నాడు. ఈ వాక్యాన్ని కూడా పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

నేను ఊరుకోలేక, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే లినక్స్ పనిముట్టులో బయటపడిన దొంగదారి సంగతేమిటన్నాను. ఎవరో అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకు పైగా ఎంతో మర్యాదగా సేవ చేసి, పెత్తనం సంపాదించి, చివరికి అందులో కన్నం పెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటా అని అనుమానించి తవ్వి తీసినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన ఉద్యోగం చేసేది మైక్రోసాఫ్ట్‌లో. ‘‘అది వేరే’’ అన్నాడు తమ్ముడు.

‘‘మాక్‌కు వైరసు రాదండీ’’ అన్నాడు ఫొటోగ్రాఫరు, జ్వరం రాని వంశంలో పుట్టినవాడి ధీమాతో. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే దొంగ ప్రోగ్రాము సుమారు ఆరు లక్షల మాక్‌లలో కాపురం పెట్టింది కదా అన్నాను. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1982లో, పదిహేనేళ్ల అమెరికా కుర్రవాడొకడు సరదాకు రాసిన ఎల్క్ క్లోనర్ ఫ్లాపీల మీద ఊరేగింది కూడా ఆపిల్ కంప్యూటర్లలోనే. ఇళ్లలోని కంప్యూటర్లకు పాకిన తొలి వైరసులలో ఒకటి ఆ పుట్టింటి ఆడపడుచే. ‘‘అది వేరే’’ అన్నాడు ఫొటోగ్రాఫరు.

మా బావ ఇంతవరకు చిరునవ్వుతో కూర్చున్నాడు. 2017 మే 12న వానాక్రై అనే వసూళ్ల వైరసు లోకమంతా ఫైళ్లకు తాళాలు వేసి కంప్యూటరుకు మూడు వందల డాలర్లు అడిగిన రోజున, సరిహద్దుకు అవతల ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది; వేసుకోనివాళ్లే ఎక్కువగా మునిగారు. ఎందుకు వేసుకోలేదంటే, ‘‘అప్‌డేట్లు పెడితే సిస్టమ్ స్లో అయిపోతుంది, ఆపేయండి’’ అని మా బావ వంటి పెద్దలు ఊరూరా ఉపదేశించడం వల్ల. ఆయన తన ఆఫీసులో, మా వీధిలో, తన అత్తవారి ఊరు టెక్కలిలో స్వహస్తాలతో ఆపించిన అప్‌డేట్లకు లెక్క లేదు. ‘‘అది వేరే’’ అనవలసిన వంతు వచ్చేసరికి ఆయన అందరికన్నా గంభీరంగా అన్నాడు.

ఒక్క చోట మాత్రం ముగ్గురూ నీళ్లు నమిలారు. లాప్‌టాప్‌ను తుడిచి ఉబుంటు వేసేస్తానని తమ్ముడు చొక్కా చేతులు పైకి లాక్కున్నప్పుడు పెద్దనాన్నగారు, ‘‘మరి పేజ్‌మేకర్ ఆడుతుందా? అను ఫాంట్లు వస్తాయా?’’ అని అడిగారు. తెలుగు అచ్చు ప్రపంచం సగం ఈ ప్రశ్న మీదే ఆగి ఉంది. 2001లో వచ్చిన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ (అన్ని యంత్రాలూ చదివే ఉమ్మడి అక్షర సంకేతం) కాని అను వంటి ఫాంట్లలో కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, పంచాంగాలు తరతరాల ఆస్తిలా డీటీపీ షాపుల్లో పోగుపడి ఉన్నాయి. వాటిని వదులుకోలేక పాత విండోస్‌ను, పాత విండోస్‌తోపాటు దాని జబ్బులనూ మోస్తున్నవాడి మొహం మీద ‘లినక్స్‌కు మారిపో’ అనడం, వాననీళ్లు కారే ఇంట్లో ఉన్నవాడికి ‘మేడ కట్టుకో’ అనే సలహా వంటిది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో ఆడించే వైన్ అనే ఉపాయం ఒకటుందని తమ్ముడు గొణిగాడు. పసుపు దంచుతున్న ముత్తైదువలు ఆ మాట విని రోకళ్లు ఆపి ఇటు చూశారు.

ఈ సభ ఇలా రసపట్టులో ఉండగా, మధ్యాహ్నం మూడు గంటలకు, పెద్దమ్మ ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చింది. చేతుల నిండా పసుపు. ‘‘ఒరే నాయినా, ఎవలో శుభలేఖ పంపినారు. తెరవబోతే ఏటో అడుగుతంది. కాస్త సూడండ్రా’’ అంది.

‘‘ఉండు పెద్దమ్మా, ఇక్కడ ఇది తేలనీ’’ అన్నాడు తమ్ముడు. ‘‘ఏదో ఒకటి నొక్కండత్తా, తెరుచుకుంటుంది’’ అన్నాడు బావ. ఫొటోగ్రాఫరు తల ఎత్తలేదు. నేను అప్పుడు ఎల్క్ క్లోనర్ గురించిన నా పాండిత్యాన్ని మరికొంచెం ప్రదర్శిస్తున్నాను.

ఆమె ఏదో ఒకటి నొక్కింది.

వచ్చినది శుభలేఖ కాదు, ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు. అది తనంతట తాను ఏమీ చేయలేదు. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను వేయనా అని ఫోను అడిగింది, మీ మెసేజ్‌లు చదవనా అని ఆ యాప్ అడిగింది. అడిగినదల్లా ఇంగ్లీషులో అడిగింది. మెసేజ్‌లు చదవడానికి అనుమతి దొరికాక ఇక బ్యాంకు పంపే ఓటీపీ పెద్దమ్మకు ఎంతో దొంగకూ అంతే. సాయంత్రం ఆరు గంటలకు చూసుకుంటే, మనవరాలికి బరంపురం పట్టుచీరలు కొనడానికి ఏడాదిగా దాచిన నలభై ఆరు వేలూ మూడు విడతలుగా వెళ్లిపోయాయి. ఫోను అద్దం మీద పసుపు వేలిముద్ర ఇంకా ఆరకుండా ఉంది. సరిగ్గా ‘అలౌ’ అనే బొత్తాము ఉండే చోట.

ఇప్పుడు పండితుల తీర్పులు వినండి. ‘‘ఆండ్రాయిడ్ అంటేనే అంత’’ అన్నాడు బావ. ‘‘ఐఫోన్ కొని ఉంటే ఏపీకే ఎక్కేదే కాదండీ’’ అన్నాడు ఫొటోగ్రాఫరు. నలభై ఆరు వేలు పోకుండా ఉండటానికి డెబ్బై వేల ఫోను కొనాలన్న ఈ అర్థశాస్త్రానికి అతనొక్కడే కర్త. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ మావేనని పొద్దున చాటిన తమ్ముడిని అందరమూ చూశాము. ఆ ఇంట్లో అతను కాక లినక్స్ కెర్నెల్ వాడుతున్న ఏకైక పెద్దమనిషి మా పెద్దమ్మే కదా! ‘‘ఆండ్రాయిడ్ వేరే’’ అన్నాడు.

సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాము, ఫిర్యాదు రాయించాము. వెంటనే చేస్తే దారిలో ఉన్న డబ్బును ఆపే అవకాశం ఉంటుంది. మేము మూడు గంటలు ఆలస్యంగా చేశాము. మరునాడు బ్యాంకుకు వెళితే అక్కడి ఉద్యోగి పెద్దమ్మను చూసి, ‘‘ఓటీపీ కాహాకు దేలే, మావుసీ?’’ అని అడిగాడు. ఎవరికీ ఇవ్వలేదని ఆమె ఒడియాలోనే చెప్పింది. ఎవరికీ ఇవ్వకుండా ఎలా పోతుందని అతను నవ్వాడు. ఖాతాదారు తప్పు లేకుండా, అటు బ్యాంకూ ఇటు ఖాతాదారూ కాని మూడో చోటి లోపం వల్ల పోయిన డబ్బును, మూడు పనిదినాల్లోగా చెబితే, బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో చెప్పింది. ఖాతాదారు ‘నిర్లక్ష్యం’ ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేవరకు పోయినదంతా ఖాతాదారుదే. పెద్దమ్మ కాగితం మీద ఆ రెండో మాటే పడింది.

నిర్లక్ష్యమట! అరవై ఎనిమిదేళ్ల మనిషి, తనకు అర్థం కాని ప్రశ్న ఎదురైతే నొక్కకుండా ఆగి, చేతిలో పని వదిలి, ఇంట్లో నలుగురు చదువుకున్న మగవాళ్ల దగ్గరికి నడిచి వచ్చి అడిగింది. లోకంలోని భద్రతా నిపుణులంతా గొంతు చించుకుని చెప్పేది ఇదే కదా: అనుమానం వస్తే ఆగండి, తెలిసినవాళ్లను అడగండి. ఆమె ఆగింది, ఆమె అడిగింది. నిర్లక్ష్యం చేసినవాళ్లం మేము. నలుగురిలో ఒక్కడు మెడ తిప్పి రెండు క్షణాలు ఆ అద్దం వైపు చూసి ఉంటే చాలు. చూడలేదు, ఎందుకంటే మాకు ఆమె ఫోను అక్కరలేదు. కెర్నెల్ కావాలి, గెలుపు కావాలి. ఏ ఓఎస్ గొప్పదో తేల్చడానికి మేము పెట్టిన ఖర్చు మా పెద్దమ్మ నలభై ఆరు వేలు.

ఇంకొక సంగతి రాయకపోతే నాకు అన్నం సయించదు. ఆమె ఫోను కొన్న రోజున దుకాణంలో దాన్ని ఇంగ్లీషులో పెట్టి చేతికిచ్చారు. అందులో తెలుగు ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి నాలుగుసార్లు నొక్కితే వస్తుంది. నాలుగేళ్లుగా మేమంతా ఆ ఫోనులో ఫొటోలు చూపించాము, వీడియో కాల్ చేయించాము, రింగుటోను కూడా మార్చాము. భాష ఎవరూ మార్చలేదు. నేనూ మార్చలేదు. బ్యాంకు గోడ మీద మోసాలతో జాగ్రత్త అనే కాగితం ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంది. ఆమె ఒడియా ధారాళంగా మాట్లాడుతుంది కానీ చదవగలిగినది తెలుగు ఒక్కటే. ఇంత మందిలో ఆమెకు ఆమె భాషలో రాసినవాడు దొంగ ఒక్కడే. ‘‘మా ఇంట్లో పెళ్లి. మీరు రాకపోతే బాగుండదు. కార్డు చూసి చెప్పండి’’ అని చక్కని వాడుక తెలుగులో, ఒక్క అక్షరదోషం లేకుండా రాశాడు. జనం మాట్లాడే తెలుగులోనే జనానికి రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు ఏళ్ల తరబడి ఉన్నది ఈ పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29న మేము ఏటా దండలు వేస్తాము. ఆయన ఉద్యమం అంతరార్థాన్ని గ్రహించినవాడు మాత్రం ఏపీకే పంపిన ఆ మహానుభావుడు.

డబ్బు పోయిన రాత్రే అదే శుభలేఖ పెద్దమ్మ నంబరు నుంచి, ఆమె ప్రమేయం లేకుండా, బంధువులందరికీ వెళ్లింది. మొదట తెరిచినవాడు మా బావ. ఖాతాలో నెలాఖరు కావడం వల్ల బతికిపోయాడు.

మూడో రోజున నేను ఫోనును శుభ్రంగా తుడిపించి, తెలుగులోకి మార్చి పెద్దమ్మ చేతికిచ్చాను. యాప్‌లను వేసుకునే చోట ఏ హెచ్చరిక వస్తుందో చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకుని, ప్రతి అక్షరమూ కూడబలుక్కుంటూ చదివి, ‘తెలియని మూలం’ అన్న చోట ఆగిపోయింది.

‘‘మూలం అంటే ఏట్రా? మూలా నచ్చత్రమా?’’ అంది.

‘‘కాదు పెద్దమ్మా, మూలం అంటే సోర్స్’’ అన్నాడు తమ్ముడు ముఖం వెలిగిపోతుండగా, ‘‘అసలు సోర్స్ అనేది ఎప్పుడూ ఓపెన్‌గా ఉండాలి. ఎందుకంటే...’’ అంటూ కుర్చీని ముందుకు లాక్కున్నాడు.