టేకు చేప పేగులో పురుగు: తిరుగుతున్న మాటలకు జవాబు

దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదిలో ఉండే మంచినీటి టేకు చేపను (స్టింగ్ రే) కోసి, పేగులోంచి తెల్లటి పురుగులు తీస్తున్న వీడియో ఒకటి ఫోన్లలో తెగ తిరుగుతోంది. దాని కింద రాసినవి నాలుగు మాటలు: ఈ పురుగు తిన్నవాళ్ల మెదడుకెక్కుతుంది, ఆ నది కుళ్లిపోయిందనడానికి ఇదే రుజువు, పురుగు పట్టిన చేప బతకదు, తొట్టెలో పెంచేవాళ్లు వెంటనే ఉప్పు కలపాలి. నాలుగూ తప్పే. చివరిదైతే ప్రమాదం కూడా.

ముందు మెదడు సంగతి. మెదడులో తిత్తులు కట్టేది పంది బద్దె పురుగు, టీనియా సోలియం. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలంలోని గుడ్లు తిండితోనో నీళ్లతోనో నోట్లోకి పోతే ఆ జబ్బు వస్తుంది. దీనికీ చేపకూ సంబంధం లేదు. చేపల నుంచి మనిషికి సోకే బద్దె పురుగులు వేరే ఉన్నాయి. వాటి పిల్లదశ చేప కండలో దాక్కుంటుంది, పచ్చిగా తింటే మన పేగులోకి చేరుతుంది. పెరూ తీరంలో సముద్రపు చేపలు పచ్చిగా తిన్నవాళ్లకు ఇలాగే సోకింది. టేకు చేప పేగులోవీ బద్దె పురుగులే కానీ ఆ కోవకు చెందవు. రైనెబోత్రియం, అకాంతోబోత్రియం లాంటి ఈ రకాలకు టేకు చేపే చివరి మజిలీ.

ఎంత అతికినట్టు సరిపోయాయో చూడండి. టేకు చేప పేగు లోపల ఒక పొర మెలికల మెట్లలా తిరుగుతూ దిగుతుంది. రైనెబోత్రియం తలకు ఆకుల్లాంటి నాలుగు పట్లు, ఒక్కో పట్టు మీద అడ్డగీతలతో చిన్న చిన్న గదులు ఉంటాయి. వాటితో పేగు గోడను కరుచుకుని ఉంటుంది. అకాంతోబోత్రియానికైతే ఒక్కో పట్టుకు ఒక జత చీలిన కొక్కేలు కూడా ఉంటాయి. మనిషి పేగులో కాపురం పెట్టే పురుగులు కావివి.

ఇక నది కుళ్లడం. గుడ్లు నీళ్లలో పడాలి, వాటిని ఏదో చిన్న జలచరం మింగాలి, ఆ జీవి టేకు చేప నోట పడాలి. ఈ వరసలో ఒక్కటి తెగినా పురుగు ఉండదు. కాబట్టి ఈ జీవులన్నీ బతికే శుభ్రమైన నదిలోనూ ఇవి ఉంటాయి. పైగా నిన్న మొన్న వచ్చినవి కావు. వీటి దగ్గరి బంధువులు సముద్రపు టేకు చేపల్లో ఉన్నాయి. ఆ చుట్టరికం చూసే 1981లో బ్రూక్స్, థోర్సన్, మేయెస్ అనే పరిశోధకులు ఈ చేపల పూర్వీకులు ఆండీస్ పర్వతాలు లేవకముందు పసిఫిక్ నుంచి వచ్చారని వాదించారు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ పసిఫిక్ దారిని గట్టిగా ప్రశ్నించాయి. సముద్రపు మూలం మాత్రం చెక్కుచెదరలేదు. లక్షల ఏళ్ల ఈ సహవాసాన్ని మురికి ఖాతాలో వేయడం అన్యాయం.

చేప చస్తుందన్నదీ అంతే. అడవి నీళ్లలో ఆరోగ్యంగా తిరిగే టేకు చేపల్లోనూ ఇవి మామూలే. తొట్టెలో నలిగి నీరసించిన చేపకు పురుగులు మరీ ఎక్కువైతే ఇబ్బందే, కాదనను.

ఉప్పు మాత్రం వద్దే వద్దు. సముద్రపు టేకు చేపలు ఒంట్లో యూరియా నిల్వ చేసుకుని ఉప్పునీటిని తట్టుకుంటాయి. ఈ మంచినీటి టేకు చేపల జాతి పొటమోట్రైగాన్ ఆ శక్తిని పోగొట్టుకుంది. నీళ్లలో ఉప్పు పెరిగినా యూరియాను మళ్లీ కూడబెట్టుకోలేదు, ఉప్పు తొలగించే గ్రంథీ పనిచేయదు. పేగు లోపలి పురుగు క్షేమంగానే ఉంటుంది, దెబ్బ తినేది చేప. నిజంగా అనుమానముంటే చేపల వైద్యుడితో మలం పరీక్ష చేయించండి. అవసరమైతే ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఎంత మోతాదులో వాడాలో ఆయనే చెబుతారు.